వరద పాఠంలో ఒక లెక్క, ఒక మాట

చెన్నై బడులకు వరద పాఠం రాసేవారు ఒక అంకెతో మొదలుపెట్టవచ్చు. 2015 డిసెంబరు 1న చెంబరంబాక్కం చెరువు నుండి అడయారు నదిలోకి 29,000 క్యూసెక్కుల వరకు నీరు విడిచారు. క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. అనగా వీధికి వచ్చే 12,000 లీటర్ల నీళ్ల లారీలు సెకనుకు 68 చొప్పున కుమ్మరించినట్లు! వరద కారణాలను వల్లె వేయించడం కంటె ఈ గుణకారం చేయించడం మేలు. ఆపై పటంలో తమ ఇల్లు నదికి ఎంత దూరమో, ఎంత ఎత్తున ఉన్నదో పిల్లలచేతనే గుర్తింపజేయాలి.

కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలలో తమిళ హెచ్చరికను చదివి పెద్దలకు చెప్పేది తరచు ఆ పిల్లలే. అందుచేత పాఠంలో తమిళ మాటల చెంతనే తెలుగు అర్థాలు ఉండాలి. ముఖ్యంగా ఒకటి: ‘వెళ్ళం’ అంటే తమిళంలో వరద, తెలుగు చెవికి మాత్రం అది ‘మేము కదలము’ అన్నట్లే వినబడుతుంది.