ముక్కుకు గుడ్డ కడితే చాలదు



హిందూపురం, పెనుకొండ, ధర్మవరాలలో మనలో చాలామందిమి రిటైరయ్యాక సొంత ఇల్లు కట్టుకున్నవారమే. సెప్టిక్ ట్యాంకు నిండితే మనిషిని పిలిచి, ముక్కుకు తువ్వాలు కట్టుకుని దిగమనడం కొందరికి అలవాటు. తువ్వాలు విషవాయువును ఆపదు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే వాసన కూడా తెలియదు. మనిషి ఉన్నచోటనే కూలిపోతాడు. కాపాడబోయి దిగినవాడికీ అదే గతి. చేతి తొడుగులు, బూట్లు చర్మాన్ని కాపాడుతాయి గాని ఊపిరిని కాదు.

రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే 2 ఏళ్ల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా ఉండవచ్చు.

కనుక గొట్టంతో తోడే ట్యాంకరునే పిలవండి. గొట్టం పట్టేవారికి తొడుగులు, బూట్లు ఉన్నాయో లేదో చూడండి. పని ముగిశాక సబ్బు, నీళ్లు ఇవ్వండి. వారూ ఎవరో ఒకరి ఇంటి పెద్దదిక్కే.