పశువులశాలలో గాలి

పంచాయతీ సభ్యులారా!

తొలకరికి ముందు పశువులకు గొంతువాపు టీకాలు వేయించుట మీరెల్లరు ఎరిగినదే. టీకాతోనే మన బాధ్యత తీరదని మనవి చేయుచున్నాము.

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానులను చూచిన శ్రీకాకుళం, విజయనగరం రైతులు వానకు జడిసి శాలను నలువైపుల మూయుట సహజము. కాని లోపల పేడ, మూత్రము కుళ్లి అమ్మోనియా వాయువు పుట్టును. అది పశువుల శ్వాసనాళములను దెబ్బతీయును. దుమ్ముతో, తుంపరలతో గాలిలో తేలు సూక్ష్మజీవులు అప్పుడు ఊపిరితిత్తులలో సులభముగా నాటుకొనును.

పాశ్చర్ పండితుని పేరిట పిలువబడు పాశ్చురెల్లా క్రిమియే గొంతువాపునకు కారణము. ఆరోగ్యముగా కనిపించు పశువు గొంతులోను అది దాగియుండవచ్చును. నెమ్ము, ఇరుకు, అలసట తోడైనచో విజృంభించును. గురక వినిపించిన పశువు ఒకటి రెండు దినములలోనే మరణింపవచ్చును. పాడిగేదె పోయిన పేద కుటుంబమునకు జీవనాధారమే పోయినట్లు.

కావున జల్లు కొట్టు వైపు మాత్రమే తడిక కట్టి, కప్పు క్రింద గాలి పోవు సందు విడువవలెను. పేడను ప్రతిదినము గోతికి చేర్చవలెను. మూత్రము నిలువక కాలువలో పారవలెను. దగ్గు పశువును వేరుగా కట్టి, వెంటనే పశువైద్యునికి తెలుపవలెను.

తెల్లవారుజామున శాలలో అడుగిడగనే మీ కన్నులు మండినచో, పశువు రాత్రియంతయు ఆ గాలినే పీల్చినదని గ్రహింపుడు. టీకాల దినముననే మీ వార్డులోని శాలలను చూచి రావలెనని కోరుచున్నాము.