హాగరు పక్షాన: గర్భం, సంఘం, న్యాయం

(ఈ ప్రాంతపు బైబిలు స్త్రీల జ్ఞాపకార్థం పెద్దవంగర సభలో చేసిన ఉపన్యాసం)



మన జిల్లాలోని డోర్నకల్‌కు 1909లో మిషనరీగా వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య పేరు మీకందరికీ తెలుసు. గూడెం గూడెం తిరిగి వాక్యం చెప్పి, పురుటింటి గడప దాటి లోపల కూర్చున్న బైబిలు స్త్రీల పేర్లు మాత్రం ఏ సంఘ చరిత్రలోనూ సరిగా లేవు. ఇవాళ్టి సభ వాళ్ళది. అందుకే వాళ్ళు రోజూ చూసిన విషయమే ఎత్తుకుంటున్నాను. గర్భం నిలుపుకోవడం, వద్దనుకోవడం, కన్న బిడ్డను బతికించుకోవడం: ఈ మూడింటిలో ఆడమనిషి మాట ఎంతవరకు చెల్లింది?

1883లో గుంటూరుకు వచ్చిన లూథరన్ డాక్టరమ్మ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ స్త్రీల కోసం ఆసుపత్రి తెరిచారు. తల్లి ప్రాణం నిలబెట్టడాన్ని అక్కడ దేవుని పనిగానే చేశారు. తరవాతి కాలంలో మన సంఘాల్లో గర్భం మాటెత్తితే ప్రాణం కన్నా పరువు ముందుకొచ్చింది. పెళ్ళి కాని పిల్ల నెల తప్పితే ప్రభురాత్రి భోజనానికి దూరం పెట్టడమే మనకు తెలిసిన క్రమశిక్షణ అయింది. అవతలి మగవాడి పేరు చాలాసార్లు ఎవరూ అడగలేదు.

ఆదికాండం 16వ అధ్యాయం తెరవండి. హాగరు దాసి. పిల్లలు లేని యజమానురాలు ఆమెను భర్తకిచ్చింది. ఆమెనెవరూ అడగలేదు. గర్భవతి అయ్యాక బాధలు పెడితే అడవికి పారిపోయింది. తరవాత 21వ అధ్యాయంలో ఇంత రొట్టె, ఒక నీళ్ళ తిత్తి భుజాన పెట్టి బిడ్డతో సహా వెళ్ళగొట్టారు. అమెరికాలో నల్లజాతి వేదాంతి డెలోరెస్ విలియమ్స్ 1993లో ఈ కథ మీదే ఒక పుస్తకం నిలబెట్టారు. బానిసలైన తన పూర్వీకుల గర్భాల కథ ఆమెకు ఇందులో కనిపించింది.

మనకు అంత దూరం పోనక్కర లేదు. ఈ పక్కనే విసునూరు, కడవెండి, పాలకుర్తి. గడీల కాలంలో దొర బిడ్డ అత్తారింటికి పోతుంటే ఆడబాప అనే దాసిని అరణంగా వెంట పంపేవారు. ఆమె ఒళ్ళు ఆమెది కాదు, కడుపున పడ్డ బిడ్డా ఆమెది కాదు. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ సాయుధ పోరాటపు ఆడవాళ్ళ గొంతులున్నాయి. అడవిలో కన్న బిడ్డను పోరాటం కోసం వదులుకున్న తల్లి మాటలూ ఉన్నాయి. దొర మీద తిరగబడ్డ చోట కూడా తల్లితనం మీద తీర్పు తల్లి ఒక్కతే చెప్పలేదు.

ఇక చట్టం సంగతి. 1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షన్ తల్లి ప్రాణం కాపాడడానికి తప్ప గర్భం తీయించడం నేరమంది. తీయించుకున్న స్త్రీ కూడా దోషే. దొంగచాటు నాటువైద్యానికి ప్రాణాలు పోతుంటే 1964లో శాంతిలాల్ షా కమిటీ వేశారు. రాజమండ్రిలో పుట్టిన శ్రీపతి చంద్రశేఖర్ కేంద్ర ఆరోగ్య, కుటుంబ నియంత్రణ మంత్రిగా ఆ నిషేధం సడలింపు కోసం గట్టిగా వాదించారు. 1971లో గర్భం తీయించుకోవడానికి వీలిచ్చే చట్టం వచ్చింది, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. జనాభా తగ్గాలన్న తొందర కూడా దాని వెనక ఉంది. అనుమతి డాక్టరు చేతికి వెళ్ళింది. 2021 సవరణ కొన్ని వర్గాల స్త్రీలకు గడువును 24 వారాలకు పెంచింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు పెళ్ళికాని స్త్రీలకూ ఆ వెసులుబాటు ఉందని చెప్పింది. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీకి తన సంతకం ఒక్కటే చాలు. అయినా ‘మీ ఆయన్ని తీసుకురా’ అనే కౌంటర్లు ఇంకా ఉన్నాయి.

అదే ప్రభుత్వం మరోవైపు ఏం చేసిందో చూడండి. తెలంగాణలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న వివాహిత స్త్రీలు అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అరవై శాతం దాటారు. మగవాళ్ళ ఆపరేషన్లు రెండు శాతం దరిదాపుల్లో ఉన్నాయి. గర్భసంచులు తీసేయించుకున్న ఆడవాళ్ళ శాతంలో దేశంలో రెండు తెలుగు రాష్ట్రాలే ముందున్నాయి. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారంది. ఒకచోట కనమని, ఒకచోట కనవద్దని, ఒకచోట ఆడపిల్లయితే వద్దని. హుకుం మారింది గానీ ఆ హుకుం మోసేది మాత్రం ఆమే.

ఇందుకే 1994లో షికాగోలో పన్నెండుమంది నల్లజాతి స్త్రీలు తెచ్చిన పునరుత్పత్తి న్యాయం అనే ఆలోచన నాకు మన మాటలా వినిపిస్తుంది. కనకుండా ఉండే హక్కు, కనే హక్కు, కన్నవాళ్ళను భద్రంగా పెంచుకునే హక్కు మూడూ కలిస్తేనే న్యాయమని వాళ్ళన్నారు. అంతకుముందే 1967లో న్యూయార్క్‌లో బాప్టిస్టు పాస్టరు హోవర్డ్ మూడీతో కలిసి ఇరవై ఒక్కమంది పాస్టర్లు, యూదు రబ్బీలు, గర్భం వద్దనుకుని దిక్కుతోచని స్త్రీలను మంచి డాక్టర్ల దగ్గరికి పంపే పని బహిరంగంగా మొదలుపెట్టారు.

క్యాథలిక్ సోదరులు గర్భం నిలిచిన క్షణం నుంచీ ప్రాణం పవిత్రమంటారు. దాన్ని తేలిగ్గా తీసిపారేయను. ఆడపిండాల హత్యను ఖండించడంలో ఆ స్వరం అవసరమైంది. అయితే 2012 అక్టోబరులో బెళగావి బిడ్డ సవితా హలప్పనవర్ ఐర్లండు ఆసుపత్రిలో గర్భం నిలవదని తెలిసీ, అడిగినా తీయనందున, రక్తం విషమై చనిపోయింది. 2018లో ఆ దేశ ప్రజలు ఓటేసి గర్భం తీయడం మీదున్న నిషేధాన్ని తొలగించారు. నిర్గమకాండం 21వ అధ్యాయం కూడా దెబ్బలాటలో గర్భం పోతే జరిమానా అంటుంది, తల్లికి హాని జరిగితే ప్రాణానికి ప్రాణం అంటుంది. అర్థాల మీద పండితులను వాదించుకోనివ్వండి. తల్లిని లెక్కలోంచి తీసేసే చదువు మాత్రం ఈ వాక్యంలో నిలవదు.

దక్షిణ ఇండియా సంఘం 1976లో స్త్రీలకు గురుత్వం ఇచ్చింది. నంద్యాలలో ఎగ్గోని పుష్పలలిత బిషప్ కావడానికి 2013 దాకా పట్టింది. తీర్పు చెప్పే బల్ల దగ్గర స్త్రీ కూర్చోవడమే ఇంత ఆలస్యమైతే, గర్భం గురించిన తీర్పులు ఎవరి అనుభవంతో రాశారో వేరే చెప్పాలా?

నేను కోరేవి మూడు. నెల తప్పిన పిల్లను ప్రభురాత్రి భోజనం నుంచి ఆపే అలవాటు మానండి. ఆసుపత్రికి తోడెళ్ళే ఇద్దరు అక్కలను ప్రతి సంఘం ఏర్పరచుకోవాలి, వాళ్ళకు చట్టం తెలిసి ఉండాలి. బిడ్డ కావాలన్న పేద తల్లికి పాలకూ బడికీ సంఘనిధిలో వాటా రాయండి. ఈ మూడూ చేసినవాళ్ళకే గర్భం గురించి ప్రసంగించే అర్హత వస్తుంది. అప్పుడు కూడా చివరి మాట ఆమెదే.