పసివాడి మాట, రైటరు రాత



ఈ ఉపన్యాసం ఏ ప్లీడరుగారి పేరు మీద జరుగుతోందో, ఆయన దగ్గర జూనియర్‌గా చేరిన కొత్తలో నాకు ఒకటే పని. చార్జిషీటుతో వచ్చిన వాంగ్మూలాల కట్ట నా ముందు పడేసి, "ఇందులో సాక్షి అన్న మాటలేవి, స్టేషన్ రైటరు అల్లినవేవి? రైటరువాటి కింద ఎర్ర పెన్సిలుతో గీత పెట్టు" అనేవారు. సాయంత్రానికి కాగితాలన్నీ ఎర్రబడేవి.

పిల్లల మీద లైంగిక నేరాల కేసులు చాలావరకు ఆ ఎర్రగీతల దగ్గరే తేలిపోతాయి. పాప అంటుంది: "ఆ అంకుల్ మంచోడు కాదు. షెడ్డు ఎనకకి తీస్కపోయిండు. నొప్పి పెట్టిండు." కాగితం మీదికి వచ్చేసరికి అది "సదరు ముద్దాయి నన్ను మాయమాటలతో నమ్మించి నిర్జన ప్రదేశమునకు తీసుకొనిపోయి" అవుతుంది. ఏడాది తర్వాత డిఫెన్సు లాయరు ఎంతో మెత్తగా అడుగుతాడు: "నిర్జన ప్రదేశం అంటే ఏంటమ్మా?" పాప అమ్మ ముఖం వైపు చూస్తుంది. ఆయనకు అంతకంటే ఏం కావాలి? ఎవరో నేర్పించి పంపారని వాదన మొదలుపెడతాడు. పాప అబద్ధం చెప్పలేదు. ఆ మాట ఆమెది కాదు, అంతే.

2012 నవంబర్ 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం ఈ సంగతి బాగా ఎరిగినదే. బిడ్డ చెప్పింది చెప్పినట్టే రాయాలంది. ఇంట్లోనో, బిడ్డకు నచ్చిన చోటో, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రాసుకోవాలంది. భాష రాకపోతే అనువాదకుణ్ణి పిలవాలంది. మన హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఈ చివరి మాట చిన్నది కాదు. కోకాపేట, నార్సింగి టవర్లు కట్టే కూలీల షెడ్లలో పిల్లలు మాట్లాడేది ఒడియా, బెంగాలీ, బిహారీ హిందీ. మాట ఒక భాషలో పుట్టి, ఇంకో భాషలో అడిగించుకుని, మూడో భాషలో టైపవుతుంది. ఎక్కడ ఏది జారిపడిందో వెతికేవాడు ఉండడు.

కోర్టులో చెప్పించే పద్ధతి కూడా మారింది. ముద్దాయి కనబడకుండా తెర కట్టమనీ, ప్రశ్నలు రాసి జడ్జికి ఇస్తే జడ్జే అడగాలనీ ‘సాక్షి’ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. పోక్సో దాన్ని చట్టంలో పెట్టింది. హైదరాబాద్‌లో 2016లో హాకా భవన్‌లో భరోసా కేంద్రం వచ్చింది, తర్వాత సైబరాబాద్‌కు కొండాపూర్‌లో ఒకటి. ఫిర్యాదు, వాంగ్మూలం, కౌన్సెలింగ్ అన్నీ ఒకే గొడుగు కింద. బిడ్డ పదిమందికి పదిసార్లు చెప్పుకునే బాధ కొంత తగ్గింది.

కాదని రుజువయ్యేదాకా ముద్దాయే నేరం చేసినట్టు కోర్టు భావించాలని పోక్సో 29వ సెక్షన్ అంటుంది. దాన్ని చూసి ఇక పబ్లిక్ ప్రాసిక్యూటరుకి పనేముంది అనుకునేవాళ్లున్నారు, పాపం. పునాది ప్రాసిక్యూషనే వేయాలి: బాధితులు పద్దెనిమిదేళ్లలోపు వాళ్లేనని, జరిగినదిదీ అని. వయసుకు స్కూలు సర్టిఫికెట్, లేదంటే మున్సిపాలిటీ జనన ధ్రువీకరణ, రెండూ లేకపోతే ఎముకల పరీక్ష. టౌన్లు మారుతూ పెరిగిన కూలీ పిల్ల దగ్గర మొదటి రెండూ ఉండవు. మూడోది కచ్చితమైన వయసు చెప్పదు.

జనం మాత్రం అడిగేది ఒక్కటే, ఉరి వేశారా అని. 2017 డిసెంబర్‌లో నార్సింగిలో అయిదేళ్ల పాప హత్యాచారం కేసుంది. చెప్పడానికి బిడ్డే లేదు. పరిస్థితుల సాక్ష్యమే గొలుసుగా కట్టాలి. 2021 ఫిబ్రవరిలో కింది కోర్టు ఉరిశిక్ష వేసింది, 2024లో హైకోర్టు ఖాయం చేసింది. 2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పసికందు కేసులో ఆగస్టుకల్లా ఉరిశిక్ష పడితే, నవంబర్‌లో హైకోర్టు దాన్ని చనిపోయేదాకా జైలుగా మార్చింది. ఊరంతా రోడ్డెక్కిన కేసులవి. రోజూ వచ్చే కేసు ఇలా ఉండదు. అందులో ముద్దాయి బాబాయో, సవతి తండ్రో, పక్క ఫ్లాట్ అంకులో. 2019 సవరణతో, వీళ్లలో ఇంటివాళ్లు అత్యాచారానికి పాల్పడితే కనీస శిక్ష 20 ఏళ్లు. అంతకు తగ్గించే చేయి జడ్జికి లేదు. ఇంటికి తెచ్చిపెట్టే మనిషి ఇరవై ఏళ్లు లోపలికి పోతాడంటే తల్లి బోనెక్కి, "నాకేం తెల్వది సార్" అంటుంది. శిక్ష బరువు పెంచినవాళ్లు ఆ తల్లి మెడ మీద ఎంత పడిందో చూసుకున్నారా అని నాకు అనుమానం.

హైటెక్ సిటీలో పనిచేసే మీకు ఇంకోటి చెప్పాలి. ఫోన్‌లో పిల్లల అశ్లీల దృశ్యాలు దొరికిన కేసులు. చూసి ఊరుకుంటే నేరం కాదన్న మద్రాసు హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 2024 సెప్టెంబర్‌లో కొట్టేసింది. వాటిని చైల్డ్ పోర్నోగ్రఫీ అనవద్దని కూడా కోర్టులకు చెప్పింది. ఫైలు తడబడదు, మాట మార్చదు. అయితే ఫైలుకు వేలిముద్రలాంటి హ్యాష్ విలువతో సర్టిఫికెట్ జతపడకపోతే అదీ మూగసాక్షే.

బిడ్డ సాక్ష్యం 30 రోజుల్లో నమోదు చేయాలని, వీలైనంతవరకు ఏడాదిలో విచారణ ముగించాలని చట్టంలో ఉంది. నేను చూసిన ఒక కేసు చెప్తాను, కోర్టు పేరొద్దు. పాప తల్లి సైట్‌లో ఇటుకలు మోసేది. వాయిదా ఉన్న రోజు రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, పాపతో పదింటికల్లా వచ్చేది. మొదటిసారి ముద్దాయిని తేలేదు. రెండోసారి జడ్జిగారు సెలవు. మూడోసారి అనువాదకుడు రాలేదు. మూడుసార్లూ ఆ రోజు కూలి పోయింది. నాలుగో వాయిదాకి పేరు మూడుసార్లు పిలిచారు. బిల్డింగు పనైపోయిందట. మేస్త్రీ వాళ్లందరినీ లారీ ఎక్కించి వేరే ఊరు తీసుకుపోయాడు. ఏ ఊరో అడిగి రాసుకున్నవాళ్లు లేరు.