వాంతి వచ్చాక కాదు, రాకముందే మాత్ర



"సిస్టర్, వాంతులు బాగా అవుతాయంట కదా?" అని కీమో చేయించుకుంటున్న వారి ఇంటివారైన మీలో చాలామంది భయంగా అడుగుతుంటారు. అన్ని మందులకూ ఒకేలా కావు. సిస్‌ప్లాటిన్ వంటి వాటికి ఎక్కువ, కొన్నింటికి అసలు తెలియనే తెలియవు. వాంతులు రాకుండా ఆపే మంచి మందులు ఇప్పుడు ఉన్నాయి. కానీ ఇంటికి వెళ్ళాక అవి వేయవలసింది మీరే.

కొన్నేళ్ళ క్రితం ఒక అమ్మకు సిస్‌ప్లాటిన్ ఎక్కించి పంపాం. మొదటి రోజు ఒక్క వాంతి కూడా కాలేదు. బాగానే ఉంది గదా, ఇన్ని మాత్రలెందుకని కోడలు ఆపేసింది. మూడో రోజు వాంతులు మొదలయ్యాయి. ఐదో రోజుకు నాలుక ఎండిపోయి, మూత్రం తగ్గిపోయి, ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. "ఇంక నాకీ మందు వద్దమ్మా" అందామె. కోడలి తప్పేమీ లేదు. చీటీ చేతికిచ్చి, విషయం చెప్పకుండా పంపింది నేను.

ఆ విషయం ఇది. వాంతులు రెండు విడతలుగా వస్తాయి. మొదటిది 24 గంటల లోపల. రెండోది ఆ తర్వాత మొదలై నాలుగైదు రోజులు ఉండవచ్చు. అందుకే వాంతి లేకపోయినా చీటీలో రాసినన్ని రోజులూ మాత్రలు వేయండి.

ఓలాంజపిన్ రాస్తే మందుల షాపులో "ఇది మానసిక రోగులకిచ్చేది" అంటారు, భయపడకండి. తక్కువ మోతాదులో వికారానికీ బాగా పనిచేస్తుంది. మత్తుగా ఉంటుంది కనుక రాత్రి లేచినప్పుడు చెయ్యి పట్టుకోండి. ఆన్‌డాన్‌సెట్రాన్‌తో మలబద్ధకం రావచ్చు. డెక్సామెథాసోన్‌తో షుగరు పెరుగుతుంది, షుగరున్న వారు ముందే చెప్పాలి.

ఇక తిండి. ప్రేమకొద్దీ బలవంతంగా తినిపించకండి. పోపు వాసన, చేపల పులుసు వాసన గదిలోకి రానివ్వకండి. చల్లారిన ఇడ్లీ, పెరుగన్నం కొంచెం కొంచెంగా పెట్టండి. నీళ్ళు గుక్క గుక్కగా తాగించండి. కీమో రోజున వారికి ఇష్టమైన కూర వండకండి, ఆ కూరంటేనే అసహ్యం పుట్టవచ్చు. నాటు కషాయాలు డాక్టరు గారిని అడగకుండా వద్దు.

రోజంతా నీళ్ళు కూడా నిలవకపోయినా, వాంతిలో రక్తం కనిపించినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా తెల్లవారేదాకా ఆగకుండా తీసుకురండి.

ఎన్నిసార్లు వాంతి అయిందో ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాతి కీమోకు వచ్చినప్పుడు డాక్టరు గారికి చూపిస్తే మందులు మారుస్తారు. పేషెంటును అడిగితే మొహమాటంతో "బాగానే ఉందండీ" అంటారు. మీరు చెప్పండి.