మాత్ర వేసుకోలేదంటే మాట విననట్టేనా?

(ఆరోగ్య రంగంలో పనిచేస్తున్న మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ జబ్బు ఉందని భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది. వీరిలో ఏ స్త్రీ అయినా మందులు సరిగా వాడకపోతే "చెప్తే వినదు" అని ఆసుపత్రిలోనూ అంటారు, ఇంట్లోనూ అంటారు. ఈ మాట గురించే మాట్లాడదలచుకున్నాను.

మందులు క్రమం తప్పకుండా వాడటాన్ని వైద్యులు చాలాకాలం 'కంప్లయన్స్' అన్నారు. అంటే విధేయత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నాటి నివేదికలో 'అడ్హెరెన్స్' అనే మాటను ఎంచుకుని, రోగి అంగీకారం అందులో భాగమంది. సంపన్న దేశాల్లో కూడా దీర్ఘకాలిక జబ్బులకు మందుల వాడకం సగటున 50 శాతమేనని ఆ నివేదికే చెప్పింది. కాబట్టి చదువురాని ఆడవాళ్ల అజ్ఞానమని కొట్టిపారేయడం కుదరదు.

చీటీ మీద "భోజనానికి ముందు ఒకటి" అని ఉంటుంది. అందరూ తిన్నాక మిగిలింది తినే స్త్రీకి భోజనవేళ అంటూ ఒకటుందా? గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు తిన్నా తినకపోయినా రక్తంలో చక్కెరను దించుతాయి. పొద్దున్నే మాత్ర వేసుకుని, ముద్ద నోట్లో పెట్టకుండా నాట్లకు వెళ్లిన మనిషికి చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. ఒకసారి అలా పడిపోయినామె మర్నాడు మాత్ర మానేస్తే మొండితనం అందామా? వ్రతాలకు, రంజాన్ ఉపవాసాలకు మందు ఎలా సర్దుకోవాలో చీటీలో ఉండదు. కసురుతారేమోనని ఆమె అడగదు.

భర్త మాత్రలు భార్యకు గుర్తుంటాయి. ఆమె మాత్రలు ఎవరికి గుర్తుంటాయి? ఇద్దరికీ జబ్బుండి, చేతిలో డబ్బు ఒక్కరికే సరిపోతే ఎవరి మందు ఆగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ప్రభుత్వాసుపత్రిలో మందు ఉచితంగా దొరికినా ఆ రోజు కూలి పోతుంది.

టైప్ 1 మధుమేహం ఉన్న ఆడపిల్లకు ఇన్సులిన్ ఆగిపోతే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అయినా సంబంధాలు రావని ఆ సంగతి దాచమంటారు. అత్తవారింట్లో దొంగచాటుగా సూది వేసుకోవలసిన పిల్ల పూట తప్పకుండా ఎలా వేసుకుంటుంది?

మందు మానెయ్యడం పరిష్కారమని నేననడం లేదు. చక్కెర ఏళ్ల తరబడి అదుపు తప్పితే కళ్లు, మూత్రపిండాలు, పాదాలు దెబ్బతింటాయి. అందుకే దీన్ని హక్కుగా అడగాలంటున్నాను. ఇకనుంచి "మాత్ర వేసుకున్నావామ్మా?" అనేముందు "ఎన్నింటికి తిన్నావు?" అని అడుగుదాం. ఆ జవాబు డాక్టరు దాకా తీసుకెళ్లి, ఆమె తినే వేళనుబట్టి మందు రాయమందాం. నెలకు సరిపడా మందులు ఒకేసారి ఇమ్మని అడుగుదాం. మాత్ర వేసుకున్న మనిషి వేళకు తినాలని ఇంటివాళ్లకూ చెబుదాం. "ఆడది అందరికంటే ముందు తినడమేమిటి?" అంటారు. ఆ మాటకు జవాబు చెప్పడం కూడా మన ఆరోగ్య కార్యక్రమంలో భాగమే.