చాటుగా చదివిన తెలుగు
(శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి స్మారకోపన్యాసం)



శాస్త్రిగారి గురించి రాజమండ్రిలో మాట్లాడమంటే ఎవరికైనా కొంచెం జంకుగానే ఉంటుంది. ఆయన నడిచిన వీధులు మీకు నాకంటే బాగా తెలుసు. ఆయన కథలు ఎంత గొప్పవో ఇదివరకే చాలామంది పెద్దలు చెప్పారు, ఇకముందూ చెబుతారు. అందుకని నేను ఒక చిన్న సంగతి పట్టుకుని వచ్చాను. ఆయన ఏం చదివారు? ఎలా చదివారు? ఇంగ్లీషు ముక్క రాని మనిషి, కాలేజీ గుమ్మం తొక్కని మనిషి, తెలుగు కథ అప్పుడప్పుడే కళ్ళు తెరుస్తున్న రోజుల్లో అంత పెద్ద కథకుడు ఎలా అయ్యాడు?

1891 ఏప్రిల్ 23న తూర్పుగోదావరి జిల్లా పొలమూరులో ఆయన పుట్టారు. తండ్రిగారు లక్ష్మీపతి సోమయాజులుగారు. సోమయాజులు అన్న మాట ఆ ఇంట్లో ఉత్త పేరు కాదు, యజ్ఞం చేసి సంపాదించుకున్న హోదా. వేదం, శ్రౌతం, స్మార్తం, జ్యోతిషం ఇవీ ఆ ఇంట చదువులు. కుర్రవాడు సంస్కృత కావ్యాలు చదవాలి, వేదం వల్లించాలి, పెద్దయ్యాక తండ్రిలాగే యజ్ఞం చెయ్యాలి. దారి ముందే వేసి పెట్టారు. అందులో తెలుగుకు చోటు లేదు. తెలుగు పద్యం అల్లేవాడికి శాస్త్రం అబ్బదనీ, తెలుగు పుస్తకం పట్టినవాడు చెడిపోయినట్టేననీ ఆ రోజుల్లో చాలా పండిత కుటుంబాల్లో గట్టి నమ్మకం. ఇది ఇవాళ మనకు నవ్వులాటగా ఉంటుంది. ఇంగ్లీషు మీడియం బళ్ళో తెలుగు మాట్లాడితే జరిమానా వేసే రోజులు చూసినవాళ్ళం కనక అంత నవ్వులాటగా ఉండకూడదు కూడా.

అలాంటి ఇంట్లో ఆ పిల్లవాడికి తెలుగు పిచ్చి పట్టింది. దొరికిన పుస్తకం దొరికినచోట, పెద్దల కంట పడకుండా చదివాడు. పద్యాలు కట్టాడు, ఆ తరవాత అవధానాలు కూడా చేశాడు. ఎవరూ చెప్పని చదువు, ఎవరూ మెచ్చుకోని చదువు, పట్టుబడితే చీవాట్లు తినే చదువు. ఆయన ఆత్మకథ ‘అనుభవాలూ - జ్ఞాపకాలూనూ’ చదివినవాళ్ళకు ఆ ఇంటి పెనుగులాట అంతా తెలుసు. అందులో నాకు బాగా నచ్చేది ఒకటుంది. తనను ఆపిన పెద్దల మీద ఆయనకు కసి కనిపించదు. ఒక కట్టడి నుంచి బయటపడ్డవాడు దాన్ని అంత నిబ్బరంగా, అంత వివరంగా రాయడం మన ఆత్మకథల్లో అరుదు.

దొంగతనంగా చదివేవాడికి ఒక లాభం ఉంది. వాడికి పాఠ్యప్రణాళిక ఉండదు. ప్రబంధమూ, నాటకమూ, పత్రికలో వచ్చిన సీరియలూ, అవధాన సభలో విన్న పద్యమూ అన్నీ ఒక్క వరసన కూర్చుంటాయి.

సరే, ఆ రోజుల్లో ఈ చుట్టుపట్ల ఒక కుర్రవాడి చేతికి అందే తెలుగు ఏమిటి? వీరేశలింగం పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ 1880లోనే పుస్తకంగా వచ్చింది. వేదం వెంకటరాయశాస్త్రిగారి ‘ప్రతాపరుద్రీయం’ 1897 నాటిది, అందులో పాత్రకు తగ్గ భాష ఉంది, చాకలి పేరిగాడు చాకలి పేరిగాడిలాగే మాట్లాడతాడు. చిలకమర్తివారి నాటకాలు, ప్రహసనాలు, నవలలు ఉన్నాయి. 1898లో నాళం కృష్ణారావుగారు ఇదే ఊళ్ళో వాసురాయ గ్రంథాలయం పెట్టారు. 1902లో ‘కృష్ణా పత్రిక’ మొదలైంది. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావుగారు విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించారు. 1910లో ‘ఆంధ్రభారతి’లో గురజాడవారి ‘దిద్దుబాటు’ వచ్చింది. శాస్త్రిగారికి అప్పటికి పందొమ్మిదో ఏడు. వీటిలో ఏది ఎప్పుడు ఆయన చేతిలో పడిందో నేను లెక్క కట్టబోను. ఆ వయసు కుర్రవాడికి లోకం ఇలా తెరుచుకుంటున్న కాలం అది, అంతవరకే నా మాట.

ఇక్కడ నాదొక అభిప్రాయం మనవి చేసుకుంటాను. మీలో కొందరికి నచ్చకపోవచ్చు. శాస్త్రిగారికి ఇంగ్లీషు రాదు కనక ఆయన కథ అచ్చంగా మన నేలలో మొలిచిందనీ, దాని మీద పరాయి నీడ పడలేదనీ అంటూంటారు. వినడానికి బాగుంటుంది. కాని ‘రాజశేఖర చరిత్రము’ వెనక గోల్డ్‌స్మిత్ నవల ఉంది. చిలకమర్తివారి ‘రాజస్థాన కథావళి’ వెనక టాడ్ దొర రాసిన రాజపుత్రుల చరిత్ర ఉంది. ‘దిద్దుబాటు’ రాసిన గురజాడ ఇంగ్లీషు సాహిత్యం క్షుణ్ణంగా చదువుకున్నవారు. పత్రిక నడిపినవాడూ, అందులో కథ రాసినవాడూ ఇంగ్లీషు చదివితే, ఆ పత్రిక చదివినవాడికి ఆ చదువులో వాటా అందదా? పొలమూరువాళ్ళు త్ర్యంబకం చూసి రాకుండానే గోదావరి నీళ్ళు తాగారు కదా. కథ అన్న ప్రక్రియ తెలుగై వచ్చాకే శాస్త్రిగారికి చేరింది. ఆయన గొప్పతనం ఆ ప్రక్రియకు దూరంగా ఉండడంలో ఉందని నేను అనుకోను. చేతికి వచ్చినదాన్ని ఏం చేశారన్నదే చూడవలసింది.

మొదట్లో పెద్దగా ఏమీ చెయ్యలేదనే చెప్పాలి. ‘మిథునానురాగం’, ‘శ్మశానవాటిక’ లాంటి తొలి నవలల్లో గ్రాంథికమే. అప్పటికి ఆయన వ్యావహారికానికి ఎదురు పక్షం. గిడుగు రామమూర్తి పంతులుగారు ఊరూరా తిరిగి వాడుక భాష కోసం వాదిస్తుంటే, చిన్నప్పటి నుంచి చాటుగా కష్టపడి సంపాదించుకున్న పండిత భాషను వదులుకోవడం శాస్త్రిగారికి తేలిక కాదు. 1919లో రాజమండ్రిలోనే వీరేశలింగంగారు అధ్యక్షులుగా, గిడుగువారు కార్యదర్శిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టారు. ఆ ఏడాదే మే నెలలో వీరేశలింగంగారు పోయారు. వాదం మాత్రం పెరిగింది. శాస్త్రిగారు పంతగాడు, ఒక పట్టాన ఒప్పుకునే రకం కాదు. ఒప్పుకున్నాక మాత్రం సగంలో ఆగలేదు. గిడుగువారి వాదన సబబని తోచిన తరవాత ఆయన కలం నుంచి వచ్చిన వాడుక తెలుగు, వ్యావహారికవాదం పుట్టుక నుంచీ దానివైపు ఉన్నవాళ్ళకే చాలామందికి రాలేదు.

ఎందుకు రాలేదు? చాలామంది వాడుక భాషను సిద్ధాంతంగా ఒప్పుకున్నారు. శాస్త్రిగారు చెవితో విని ఒప్పుకున్నారు. అసలు ఆయన పెరిగిందే వినే చదువులో. వేదం పుస్తకం చూసి నేర్చుకునేది కాదు, గురువు చెప్పగా విని, స్వరం తప్పకుండా తిరిగి చెప్పాలి. ఒక అక్షరం మీద గొంతు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ దిగుతుందో చెవి పట్టుకోవాలి. పెద్దలు యజ్ఞం కోసం సానబట్టిన ఆ చెవిని ఈయన పెరటి అరుగు మీద కబుర్లకూ, జట్కావాడి బేరానికీ, పెళ్ళివారి ఎత్తిపొడుపులకూ వాడుకున్నారు. ఇది నా ఊహ అంటే అనండి. ఆయన సంభాషణలు చదివినకొద్దీ నాకు ఇదే గట్టిపడుతోంది.

ముఖ్యంగా ఆడవాళ్ళ మాట. సంస్కృత శ్లోకం అంటని, కాలేజీ ఇంగ్లీషు కలవని తెలుగు ఆ రోజుల్లో ఎక్కడ మిగిలి ఉందంటే ఇంటి ఆడవాళ్ళ నోట మిగిలి ఉంది. అది ఆయన పట్టుకున్నారు. ‘అరికాళ్ళకింద మంటలు’ తీసుకోండి. అందులో రుక్మిణి చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింట పడి ఉన్న పిల్ల. ఇంటెడు చాకిరీ ఆమెదే. ఒకరు పిలుస్తారు, ఒకరు కసురుతారు, ఇంకొకరు పని పురమాయిస్తారు, చేస్తున్న పని వదిలేసి ఇంకో పనికి పరిగెత్తాలి. రచయిత పక్కన నిలబడి ‘అయ్యో పాపం’ అనడు. పిలుపుల మీద పిలుపులు, కసుర్ల మీద కసుర్లు పేర్చుకుంటూ పోతాడు. మనకు ఊపిరాడదు. చివరికి ఆ పిల్ల రాత్రివేళ ఇల్లు దాటి జట్కా ఎక్కుతుంది, పొమ్మన్నది వీరేశలింగం పంతులుగారి తోటకి. 1881 డిసెంబరు 11న పంతులుగారు ఈ ఊళ్ళో మొదటి వితంతు వివాహం చేయించారు. ఆ సంస్కరణ మీద మనకు ఎన్నో వ్యాసాలూ చరిత్రలూ ఉన్నాయి. ఒక ఆడపిల్ల ఆ తోట గుమ్మం దాకా వెళ్ళాలంటే ఇంట్లో ఎన్ని మాటలు పడి ఉండాలో చెప్పినది మాత్రం ఈ కథ. నన్నడిగితే శాస్త్రిగారు రాసినవాటిలో మొదటి పీట దీనిదే.

‘వడ్లగింజలు’ను నెత్తిన పెట్టుకునేవాళ్ళు ఈ మాటకు ఒప్పుకోరు. ఆ కథ మూలం లోకమంతటికీ తెలిసినదే. చదరంగం గడుల మీద మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోవాలి. అరవై నాలుగు గడులూ నిండేసరికి మొత్తం 18446744073709551615 గింజలు. ఏ రాజు గాదెలోనూ ఉండవు. ఏ పుస్తకం అక్కర్లేకుండా అరుగు మీద చెవిన పడే కథ ఇది. శాస్త్రిగారు దాన్ని పెద్దాపురం కోటలోకి తెచ్చారు. తంగిరాల శంకరప్ప అనే బీద బ్రాహ్మడికి చదరంగం తప్ప ఆస్తి లేదు, రాజదర్శనం దొరకదు. ఇక అక్కణ్ణించి గింజల లెక్క వెనక్కి పోతుంది. కోట గుమ్మం దగ్గర అడ్డు, దివాణంలో లోకువ, ఊళ్ళో అన్నం పెట్టినవాళ్ళ ఆదరం, ఇవి ముందుకొస్తాయి. ‘గులాబీ అత్తరు’లోనూ ఇంతే. రాజుగారి రసికత విని అంత దూరం నుంచి అత్తరు తెచ్చినవాడికి రాజుగారి దాకా పోవడమే గగనమవుతుంది. మధ్యవాళ్ళ చేతులు తడపలేని విద్వాంసుడి గతి ఏమిటన్నది ఆయనకు విన్న కథ కాదని నా నమ్మకం.

ఎందుకంటే రాసి బతకడమెలాగో ఆయన చివరిదాకా తంటాలు పడ్డారు. 1920, 30 దశకాల్లో ‘ప్రబుద్ధాంధ్ర’ పత్రిక నడిపారు. కళాభివర్ధనీ పరిషత్తు పేరు మీద తన పుస్తకాలు తనే వేసుకున్నారు. ఆయుర్వేదం మీద పెద్ద గ్రంథం రాశారు. వాల్మీకి రామాయణాన్ని వచనంలోకి తెచ్చారు. డెబ్బై అయిదు దాకా కథలు, నవలలు, ‘రాజరాజు’ లాంటి నాటకాలు. ఇంత పని చేసిన మనిషికి 1956లో కనకాభిషేకం జరిగింది. కవులకే అలవాటైన ఆ గౌరవం ఒక కథకుడికి జరిగిందని అందరం చెప్పుకుంటాం. అదే మనిషి తన పుస్తకాల అచ్చుఖర్చు తనే చూసుకున్నాడన్నది కూడా దానితోపాటే చెప్పుకోవాలి.

ఆయనలో లోపాలు లేవా అంటే, ఉన్నాయి. కొన్ని కథలు మరీ సాగుతాయి. ‘మార్గదర్శి’లో వ్యాపారం గురించి ఉపదేశం కథను మింగేస్తుందేమోనని భయం వేస్తుంది. సంఘం గురించి ఒక మాట చెప్పాలనుకుంటే పాత్ర చేత పది మాటలు చెప్పిస్తారు. హిందీ మీద ఆయన చేసిన పోట్లాట చూస్తే, తెలుగు మీద ప్రేమ ఎక్కడ ఆగి పంతం ఎక్కడ మొదలైందో తేల్చడం కష్టం. అయితే సాగతీత విషయంలో ఒక్క మాట చెప్పాలి. కళ్ళతో గబగబా చదివితే బరువనిపించే పేజీలు గొంతెత్తి చదివితే తేలిపోతాయి. చెవికోసం రాసిన వచనం అది. వాక్యం ఎక్కడ విరుగుతుందో, ఎదుటివాడు మధ్యలో ఎక్కడ అందుకుంటాడో నోటికి తెలుస్తుంది.

‘అనుభవాలూ - జ్ఞాపకాలూనూ’ మూడు సంపుటాలుగా వచ్చింది. ఆయన జీవితం మొత్తం అందులోకి రాలేదు. 1961 ఫిబ్రవరి 25న ఆయన పోయారు. చాటుగా చదివిన కుర్రవాడి సంగతులు మనకు దండిగా మిగిలాయి. పత్రికా సంపాదకుడుగా, ఎవరెవరి కథలో దిద్దిన పెద్దమనిషిగా ఆయన ఏం చదివారో, దేన్ని మెచ్చారో, దేన్ని తిరగగొట్టారో తెలియాలంటే ‘ప్రబుద్ధాంధ్ర’ పాత సంచికలు వెతకవలసిందే. పరిశోధన చేసే పిల్లలు ఈ సభలో ఉంటే ఆ పని వాళ్ళది.

నిర్వాహకులు ఇంకో అరగంట ఇచ్చారు. ఆ అరగంటా నేను మాట్లాడితే శాస్త్రిగారి గురించి విన్నట్టవుతుంది గాని శాస్త్రిగారిని విన్నట్టు కాదు. ‘వడ్లగింజలు’ మొదటి భాగం చదవడానికి ఇక్కడి నాటక సమాజం అమ్మాయిలు సిద్ధంగా ఉన్నారు. మైకు వాళ్ళకు ఇస్తున్నాను. సెలవు.